బొగ్గు బస్సులో మోటుపల్లికి

మొన్న పొద్దున పేపరు మడత విప్పగానే రంగుల కరపత్రం ఒకటి ఒళ్ళో పడింది. చల్లని బస్సులో సాయంకాల యాత్ర, ప్రాచీన రేవు శిథిలాలు, వెంట ఉండి వివరించే గైడు, అన్నింటికీ చివర "సముద్రంలో అస్తమించే సూర్యుణ్ణి కన్నులారా చూడండి" అని పెద్ద అక్షరాలు. కింద బొమ్మలో నిజంగానే ఎర్రటి సూర్యుడు సగం నీళ్ళలో మునిగి ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మన సముద్రం ఉన్నది తూర్పున కదా, సూర్యుడు అందులో ఎట్లా మునుగుతాడు అని ఆ కాగితాన్నే నిలదీశాను. మా మనవరాలు నవ్వి, "ఎవరో ఏదో బొమ్మ అతికించినారులే అవ్వా, దానికింత కోపమేంది?" అంది. దానికేం తెలుసు? సరిగ్గా ఇదే తప్పు వల్ల ఇరవై ఏళ్ళ వయసులో నేను ఒక రోజంతా బొగ్గు పొగ మింగాను, ఖాయం కావలసిన ఉద్యోగాన్ని చేజేతులా కష్టాల్లోకి నెట్టుకున్నాను, కన్నతండ్రి మీద జన్మలో ఎన్నడూ పడనంత విసుగు పడ్డాను. నా ఈడు వాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళతో చెప్పుకుంటాను. బొగ్గు బస్సు అంటే వాళ్ళకు మళ్ళీ విడమర్చి చెప్పనక్కర్లేదు.

అవి మద్రాసు రాజధాని రోజులు. మా మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. యుద్ధం ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు, కిరసనాయిలు మొదలుకొని కట్టుగుడ్డ దాకా అన్నింటికీ కంట్రోలే. నేను ట్రైనింగు ముగించుకుని మిషన్ దొరసానమ్మ నడిపే ఆడపిల్లల బడిలో పంతులమ్మగా కొత్తగా చేరాను. ఏడాది పాటు నడవడిక చూసి ఆ తర్వాత ఉద్యోగం ఖాయం చేసే కాగితం ఇచ్చేవారు. నడవడిక అంటే ముఖ్యంగా ఆదివారం ప్రార్థనకు తప్పకపోవడం, ఆ వెనుక పిల్లలకు ఆదివారపు బడి నడపడం. మా నాయన పలకల గనిలో కూలి. నల్లరాతిని ఉలి మోపి పొరలు పొరలుగా విడదీసే పని. ఏ ఊళ్ళో ఏ పిల్ల దిద్దుకునే పలక ఆయన చేతి మీదుగా పోయిందో ఆయనకు తెలియదు. ఆయనకు మాత్రం ఒక్క అక్షరం రాదు.

నాయనకు సముద్రం చూడాలని ఉండేది. ఆ కోరిక ఎక్కడి నుంచి వచ్చిందంటే చర్చిలో నుంచే వచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఆదివారం ఆదివారం సముద్రం గురించి, పడవ గురించి, తుఫాను గురించి వింటున్నాడు గాని, ఆయన కంటితో చూసిన పెద్ద నీళ్ళంటే కంభం చెరువు ఒక్కటే. "కంభం చెరువుకు ఎన్నింతలుంటాది పాపా?" అని ఒకసారి నన్ను అడిగాడు. నేను కూడా చూసిందాన్ని కాదు, అయినా చదువుకున్నదాన్ని కనుక, చాలా రెట్లు ఉంటుందని చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. మా నాయన ఏదైనా ఒకసారే అడిగేవాడు, అది తెలిసిన వాళ్ళకు ఆ ఒక్కసారి చాలు.

హైస్కూల్లో చరిత్ర చెప్పే మేష్టారు ఒకాయన గోదావరి వైపు నుంచి వచ్చారు. ఆయన రెండు బళ్ళ టీచర్లకూ కలిపి మోటుపల్లికి విజ్ఞాన యాత్ర ఏర్పాటు చేశారు. ఒకప్పుడు ద్వీపాంతరాల ఓడలు ఆగిన రేవట, కాకతి రాజు ఆ ఓడల వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనస్తంభం ఇంకా నిలబడి ఉందట. పాడుబడిన రేవును సూర్యాస్తమయ సమయాన చూస్తేనే దాని విషాదం మనసుకెక్కుతుందని ఆయన ఎక్కడో చదివారు. శనివారం తెల్లవారుజామున బయలుదేరడం, సాయంత్రం సముద్రంలో సూర్యాస్తమయం చూడడం, వెంటనే తిరుగు ప్రయాణం, ఆదివారం ప్రార్థన వేళకు ఊళ్ళో ఉండడం. ఇదంతా గంటలతో సహా ఒక కాగితం మీద రాసి ఉంచారు. పెళ్ళికాని పంతులమ్మలు తోడుగా ఇంటి మగవాళ్ళను తెచ్చుకోవాలని మా బడి షరతు. నాకు అంతకంటే కావలసిందేముంది? నాయనను తోడుగా రాయించాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాయనకు రేచీకటి. పగలంతా గద్ద చూపు, పొద్దు గూకిందంటే ఎదుట మనిషి కూడా కంటికి ఆనడు. మిషన్ ఆసుపత్రిలో ఇచ్చిన చేపనూనె వాసనకు ఓర్వలేక మా అమ్మ చూడకుండా పారబోసేవాడు. కాబట్టి ఆ యాత్రలో నాకు ఒకటే లెక్క. వెలుతురు ఉండగా సముద్రం దగ్గరికి చేరాలి. సూర్యాస్తమయం ఎవరికి కావాలో వాళ్ళు చూసుకోనీ, నాకు దానికి ముందు అరగంట కావాలి.

ఆ రోజు మొదటి నుంచీ ఆ అరగంటను అరగదీయడానికే మనుషులందరూ కంకణం కట్టుకున్నట్లు కనిపించింది. పెట్రోలు దొరక్క బొగ్గు పొగతోనే నడిపే బస్సు అది. వెనుక బొగ్గు పీపా, దాని కింద నిప్పు, పక్కన తిప్పే చక్రం. డ్రైవరు సాయిబు గంటసేపు ఆ చక్రం తిప్పితే గాని ఇంజను గొంతు సవరించుకోలేదు. అందరం ముక్కులు మూసుకుని కూర్చున్నాక పెద్ద పంతులమ్మగారు ప్రార్థన మొదలుపెట్టారు. మా బడి తరఫున యాత్రకు ఆమే పెద్ద. దారి కోసం, బస్సు కోసం, సాయిబు కోసం, బొగ్గు కోసం కూడా ప్రార్థించారు. కొనకనమిట్ల దాటాక చిన్న ఎత్తు వస్తే బస్సు ఎక్కలేకపోయింది. అందరం దిగాం. "నెట్టాల పంతులమ్మా, ఖాళీ పొగ వస్తాంది, జోరు లేదు" అన్నాడు సాయిబు, అదేదో మా తప్పయినట్లు. నెట్టాం. పొదిలికి పోయేసరికి నా తెల్లచీర బూడిద రంగుకు తిరిగింది.

పొదిలిలో మేష్టారు అందరినీ ఒక వేపచెట్టు కింద నిలబెట్టి, పేర్లు పిలిచి హాజరు వేసి, మనమిప్పుడు నెల్లూరు జిల్లాలో ప్రవేశించామని, దీని పూర్వ చరిత్ర ఇదీ అని మొదలుపెట్టారు. ఆ ఉపన్యాసం అయ్యేసరికి బస్సులో నిప్పు చల్లారింది. మళ్ళీ బొగ్గు, మళ్ళీ చక్రం, మళ్ళీ ప్రార్థన. చీమకుర్తి దగ్గర ఇంకొక ఉపన్యాసం. ఒంగోలులో సద్దులు విప్పుకునే సరికి పొద్దు నడినెత్తి దాటి చాలాసేపయింది. అందరూ చెయ్యి కడుక్కుని లేచాక కూడా నాయన జొన్నరొట్టెను ఆ నెమ్మదితోనే నములుతున్నాడు. గని దగ్గర గంట కొట్టినప్పుడు తప్ప తొందరపడడం ఆయనకు తెలియదు. "కానీ నాయనా" అంటే, "తిండికాడ ఏంది పాపా తొందర" అన్నాడు. ఎవరి కోసం నేను ఇంత ఉడికిపోతున్నానో ఆయనకు చీమ కుట్టినట్లయినా లేదు.

ఒంగోలు దాటాక బస్సులో అందరూ కునుకుతుండగా నాయన ఉన్నట్టుండి ముందు సీటులో ఉన్న మేష్టారిని అడిగాడు.

"అయ్యవారూ, సముద్రం తూరుపున కదా ఉండేది?"

"అవును పెద్దాయనా, తూర్పు సముద్రమే."

"సూరీడు పడమట కదా పడేది?"

బస్సంతా మేలుకుంది. మేష్టారు జేబులో కాగితం తీసి, చూసి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నారు. "అది తీరం వంపును బట్టి ఉంటుందండీ" అన్నారు చివరికి. నాయన అంత చదువుకున్న మనిషి చెప్పాడు కదా అని తల ఊపాడు. అది ఎప్పుడో ఎవరో ఒకరు అడగవలసిన మాట. వారం రోజులుగా ఇరవై మంది పంతుళ్ళం ఆ కాగితాన్ని చేతులు మార్చుకుని చదివాం, ఒక్కరికీ తోచలేదు, నాతో సహా. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

మోటుపల్లి చేరేసరికి పొద్దు ఇంకా రెండు బారలుంది. సముద్రం అక్కడికి మైలు దూరం. ఇసుక దారి, బస్సు పోదు. నేను మేష్టారి దగ్గరికి పోయి, మా నాయనకు చీకట్లో కనపడదు, మేమిద్దరం ముందుగా సముద్రం దగ్గరికి పోతామని చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. రేవు చరిత్ర తెలియకుండా రేవును చూసి ఏం లాభం, కార్యక్రమం ప్రకారం ముందు శాసనస్తంభం, తర్వాతే సముద్రం అన్నారు. పెద్ద పంతులమ్మగారు, "క్రమం తప్పకమ్మా" అన్నారు. ఖాయం కాని ఉద్యోగం కదా, నోరు మూసుకున్నాను.

పాత గుడి, ముందు మంటపం, ఆ మంటపంలో ఆ స్తంభం. ఎవరూ వద్దనకపోయినా నాయన మెట్ల దగ్గరే ఆగిపోయాడు. అలాంటి చోట్ల ఆగిపోవడం మా వాళ్ళకు పుట్టుకతో వచ్చిన అలవాటు. మేష్టారే కిందికి దిగి వచ్చి, "లోపలికి రావయ్యా పెద్దాయనా, ఇది చూడవలసింది మొదట నువ్వే, రాతి పనివాడివి" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. ఈ ఒక్క పనికి ఆయన మిగతా తప్పులు సగం మాఫీ చేస్తాను. ఆ రోజు మాత్రం చేయలేదు. ఎందుకంటే నా అరగంట అక్కడే కరిగిపోయింది, అదీ మేష్టారి వల్ల కాదు, నాయన వల్లనే.

ఆయన ఆ స్తంభం మీద చెయ్యి వేశాడు, అంతే, ఇక కదలలేదు. వేలికొసలతో అక్షరాల గాట్లు తడుముతూ చుట్టూ తిరిగాడు. "ఇది మన పలక రాయి మాదిరి పొర ఇడిసేది కాదయ్యవారూ, గట్టి రాయి. ఇంత గట్టి రాతిలో ఇంత వంకర తిప్పినాడంటే వాడు మనిషి కాదు" అన్నాడు. ఇంకొంచెం కిందికి వంగి, "ఇక్కడి దాకా ఒక చెయ్యి. ఈడ్నుంచి వేరే చెయ్యి. ఉలి వాలు మారింది చూడు" అన్నాడు. మేష్టారు కళ్ళద్దాలు సవరించుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ రోజంతటిలో ఆయనకు దొరికిన మొదటి శ్రోత మా నాయనే, మా నాయనకు దొరికిన మొదటి మేష్టారు ఆయనే. ఇద్దరూ ఆ రాతి పక్కన గొంతుక్కూర్చుని మాట్లాడుకుంటుంటే, నేను మెట్ల మీద నిలబడి సూర్యుణ్ణి చూస్తున్నాను. సూర్యుడు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాడు, మా వీపుల వెనుక, తాటిచెట్ల సందున, పడమట.

"నాయనా, పోదాం పా."

"ఉండు పాపా. ఇదేం రాసినాడో ఒకసారి చదివి చెప్పు."

చూశాను. అవి ఏనాటివో పాత లిపి అక్షరాలు, నాకు ఒక్కటీ అంతు చిక్కలేదు. "నాకు రావు" అన్నాను. "నీకు కూడా రావా?" అన్నాడు నాయన, నవ్వాడు. వెక్కిరింపు కాదది, ఏదో సంతోషం. నన్ను చదివించడానికి మోసిన రాళ్ళ మీద ఒట్టు, ఆ క్షణాన నాకు ఏడుపొచ్చింది. వెలుతురు పోతోంది, ఆయన నవ్వుతున్నాడు.

చివరికి రెక్క పట్టుకుని లాక్కుపోయాను. మైలు దూరం ఇసుకలో కాళ్ళు దిగబడుతుంటే, ఆయన ప్రతి పది అడుగులకూ చెప్పు విదిలించుకుంటుంటే, తూర్పున ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. మేం దిబ్బ ఎక్కి దిగేసరికి మిగతా వాళ్ళు అప్పటికే ఒడ్డున వరసగా నిలబడి, మేష్టారు చెప్పినట్లు సముద్రం వైపు తిరిగి, అక్కడ లేని సూర్యాస్తమయం కోసం చూస్తున్నారు. నాకు ఇంకా కనిపిస్తూనే ఉంది, చివర తెలియని నల్లటి నీళ్ళు, తెల్లటి నురగ. నేను అలా చూస్తూ ఒక నిమిషం ఆయన చెయ్యి వదిలేశాను.

"చూసినావా నాయనా?" అన్నాను.

"చూసినాలే. చానా పెద్దది" అన్నాడు.

తిరిగి చూస్తే నాయన ముఖం ఇసుక దిబ్బ వైపు ఉంది.

అలలు ఇటు మోగుతున్నా, గాలి హోరుకు ఎటో తేల్చుకోలేక, పాపం, నేను నొచ్చుకుంటానని అబద్ధమాడాడు. భుజాలు పట్టి సముద్రం వైపు తిప్పాను. నీళ్ళు కాళ్ళకు తగిలితే ఉలిక్కిపడి, వంగి దోసిట పట్టి నోట పెట్టుకుని ఉమ్మేశాడు. "ఉప్పే" అన్నాడు. అంతలో దూరంగా బస్సు హారను మోగింది. నిప్పు రాజుకుందట, మళ్ళీ ఆరిపోకముందే అందరూ రావాలట.

అందరూ దిబ్బ మళ్ళారు. నేను ఇసుకలో కూర్చున్నాను. పెద్ద పంతులమ్మగారు వెనక్కి వచ్చారు.

"ఏందమ్మా ఇది? లెయ్. బస్సు పోతాది."

"పోనియ్యండమ్మా. మేం తెల్లారినాక వస్తాం."

"రేపు ఆదివారం. ప్రార్థనకు లేకపోతే దొరసానమ్మకు నేనేం చెప్పాల?"

"మా నాయనకు సముద్రం కనపళ్ళేదని చెప్పండి."

ఆమె, "నీ కాగితం సంగతి ఆలోచించుకున్నావా?" అన్నారు. ఆలోచించుకోలేదు. అంతకంటే ఘోరం, నాయన కూడా ఆమె వైపే. గాలిలో చేతులు చాపి నన్ను వెతుకుతూ, "లెయ్ పాపా, పెద్దామె చెప్తాంది, బస్సు పోతాంది, నాకు కనపడింది అంటున్నా కదా" అని ఒకటే గోల. నేను కదలలేదు. ఆమె నిట్టూర్చి, తన సద్దిమూటలో మిగిలిన రొట్టెలు నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయారు. ఆ బస్సు ముప్పావు గంట తర్వాత గాని కదలలేదని తరువాత తెలిసింది. అది తెలిసినప్పుడు ఎంత మండిందో చెప్పనలవి కాదు.

ఆ రాత్రి చేపలు పట్టేవాళ్ళ గుడిసెలో ఒక ముసలామె మాకు చోటిచ్చింది. ఎందుకొచ్చారంటే సముద్రం చూడ్డానికని చెప్పాను. "సముద్రాన్నా? అందులో చూడ్డానికేముందమ్మా?" అని ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది.

తెల్లవారుతూనే నాయనను లేపి ఒడ్డుకు తీసుకుపోయాను. మేష్టారి కాగితం ప్రకారం నీళ్ళలో మునగవలసిన సూర్యుడు తూర్పున ఆ నీళ్ళలోనుంచే నిదానంగా పైకి వచ్చాడు. నాయన చెయ్యి అడ్డం పెట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్ళీ ఆ కొస నుంచి ఈ కొసకు చూశాడు. "అవతలి గట్టు లేదా దీనికి?" అన్నాడు. లేదన్నాను. ఇంకేమంటాడో అని నేను చెవి ఒగ్గి నిలబడ్డాను. ఉద్యోగాన్ని పణంగా పెట్టి, రాత్రంతా దోమలతో కుట్టించుకుని తెచ్చిన క్షణం అది. చెంబెడు నీళ్ళు తాగేంత సేపు చూసి, ఆయన అన్న మాట ఇదీ.

"సరే పా. పొద్దెక్కుతాంది. రేప్పొద్దున గనికి పోవాల."

నేను మూట సర్దుకుని బయలుదేరాను. చినగంజాం స్టేషనుకు ఊళ్ళో నుంచి దగ్గర దారి ఉందని ముసలామె చెప్పినా, తడి ఇసుక కాళ్ళకు హాయిగా ఉందని చెప్పి ఆయన ఒడ్డు వెంబడే నడిపించాడు. రైలు తప్పిపోతుందని సణుగుతూ ముందు నడిచాను. వెనక్కి తిరిగి ఎన్నిసార్లు రమ్మని పిలిచానో, అన్నిసార్లూ ఆయన నీళ్ళ వైపు చూస్తూ ఆగి ఉన్నాడు. ఎందుకు ఆ దారి పట్టాడో అప్పుడు నాకు తట్టలేదు. రైలు తప్పిపోయింది కూడా.

ఊరు చేరింది సోమవారం సాయంత్రం. నాకు కాగితం ఏడాది వెనక్కి పోయింది, చంద్రశేఖరపురం వైపు ఒక పల్లె బడికి మార్చారు. నాయన నాతో ఆ ఊరికి వచ్చి, గనిలో అడిగి తెచ్చిన పలకల మూట బడి గుమ్మంలో దించి, "నా వల్లనే కదా" అని ఒక్కసారే అన్నాడు. గని దగ్గర మాత్రం ఆయన నెలల తరబడి చెప్పుకున్నది ఆ స్తంభం గురించే, రెండు చేతుల ఉలి గురించే. సముద్రం ఊసే లేదు. నా ఒళ్ళు మండేది. తరువాత ఒక ఆదివారం, ప్రసంగం చెప్పే అయ్యగారు సముద్రం అంటే పెద్ద చెరువు లాంటిది అని అనగానే, ఏనాడూ చర్చిలో నోరెత్తని మా నాయన లేచి నిలబడి, "అట్ల కాదయ్యా. చెరువుకు గట్టుంటాది. దానికి ఉండదు" అని చెప్పి కూర్చున్నాడట. అమ్మ చెబితే విన్నాను. నేను ఆ వేళ అక్కడ లేకపోయానే అని ఈనాటికీ అనుకుంటాను.

ఇప్పుడు మార్కాపురం నుంచి సముద్రానికి పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి వస్తున్నారు. నిరుడు మా ఇంటి పిల్లలు నన్నూ తీసుకుపోయారు. పోకముందే ఫోనులో నీళ్ళు చూపించారు, ఒడ్డు చూపించారు, ఎక్కడ కూర్చుంటామో అదీ చూపించారు. ముప్పై ఏళ్ళు ఒక మాట వింటూ, అది ఎట్లా ఉంటుందోనని మనసులోనే కొలుచుకుంటూ గడిపే ఓపిక ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. తప్పనను, నా పిల్లలు నాలాగా పొగ మింగకపోవడం నాకు సంతోషమే. కారు ఎక్కడా ఆగలేదు, ఎవరూ దిగి నెట్టలేదు, ఏ చెట్టు కిందా ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు. అనుకున్న వేళకు చేరాం, అనుకున్న వేళకు లేచాం. ఒడ్డున నేను అలవాటుగా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. నన్ను ఆలస్యం చేసే మనిషి ఎవరూ లేరు.